ఎడమచేతి పెళ్లిబుట్ట

మా బుట్టలంకలో ఎడమచేత్తో ఏమిచ్చినా పుచ్చుకునేవాడు లేడు. తాంబూలం పొరపాటున ఎడమచేత్తో అందిస్తే చుట్టం అలిగి పడవెక్కేస్తాడు, అవతలి రేవులో దిగేదాకా వెనక్కి తిరిగి చూడడు. నా చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం కలిపానని మా నాయనమ్మ ఆ చేతిని వసారా గుంజకు కట్టేసింది. ఆ గుంజ కూడా భయపడిపోయి అప్పట్నుంచీ కుడివైపుకే ఒరిగి ఉండేది. మొన్నటి గాలివానకు పడిపోయింది గానీ, పడ్డది కూడా కుడివైపుకే.

అలాంటి ఊరిని ప్రభుత్వం వారు ఎడమచేతి ఊరుగా ప్రకటించారంటే ఊరికే జరగలేదు. దాని వెనక ఒక దొర ఉన్నాడు, ఒక పుస్తకం ఉంది, ఒక మండలి ఉంది.

దొరది హంగేరీ. ఆ దేశం ఎటువైపుందని నన్నడక్కండి. సముద్రం లేని దేశమనీ, గుర్రాలెక్కువనీ మా తాత చెప్పేవాడు. ఆయన ఆ దొరకి గొడుగు పట్టిన మనిషి కాబట్టి నేను నమ్మాను, మీరూ నమ్మాలి. దొర పేరు ఇష్ట్‌వాన్. మా వాళ్ల నోట్లో పడి అది ఇస్తరి దొర అయింది. ఆయన దేశంలో మరలు వచ్చిపడి పాత చేతిపనులన్నీ ఒక్కొక్కటే మూలపడుతుంటే, గొర్రెతోలు కోట్లు కుట్టేవాళ్లనీ, ఎద్దుకొమ్ముల మీద పువ్వులు చెక్కేవాళ్లనీ, తేనెరొట్టెలకు అచ్చులు చేసేవాళ్లనీ వెతుక్కుంటూ ఊరూరా తిరిగి, వాళ్లు పోకముందే బొమ్మలు గీసిపెట్టాడట. అక్కడ గీయడానికి ఇంక మనుషులు మిగలక గోదావరి ఒడ్డుకొచ్చాడు. మా ఊళ్లో ఆయన గీసిన కోడిపుంజు బొమ్మను చూసి నిజం పుంజులు కాలుదువ్వేవట. చివరికి ఆ కాగితం మీద గంప బోర్లించి దానిపైన రాయి పెట్టారట.

ఆ దొరే, ధర్మాసుపత్రి గోడ పక్కన కూర్చుని పెళ్లిబుట్ట అల్లుతున్న మేదరి గంగులు బొమ్మ గీశాడు. వాళ్ల దేశం వెళ్లి పుస్తకం అచ్చు వేయించాడు. ముందు సగం వాళ్ల చేతిపనులు, వెనక సగం మనవి. ఆ తరవాత పుస్తకాన్ని దొర మర్చిపోయాడు, లోకం మర్చిపోయింది. మర్చిపోయిన దాన్ని గుర్తుచేసుకోవడానికే జీతాలు పుచ్చుకునే ఒక సంస్థ మనకుంది. దాని పేరు అంతరించు హస్తకళల చిత్రానుసార పరిరక్షణ మండలి. ఆ పేరు పూర్తిగా పలికేలోపు ఒక కళ అంతరించిపోతుందని మేం చిత్రమండలి అంటాం.

గంగులు మునిమనవడు పల్లాలు. ఇప్పుడు మా ఊళ్లో పెళ్లిబుట్ట అల్లాలంటే అతనే. మావైపు పెళ్లికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చి మండపంలో దింపుతారు కదా. బుట్టలంక బుట్టలోంచి పెళ్లికూతురు జారిందన్న మాట ఇంతవరకు గోదావరి రెండు గట్ల మీదా ఎవరూ వినలేదు. పల్లాలుకి పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా ఆ మాటే.

ఒకరోజు పొద్దున్న మండలి ఇన్‌స్పెక్టరు మార్కండేయులు గారు జీపులో దిగారు. వెంట పెద్ద ఫ్లెక్సీ. దాన్ని నూకరాజు సెలూనుకి ఎదురుగా రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టించారు. దొర గీసిన గంగులు, మనిషికి రెండింతలు, అందులో కొలువై ఉన్నాడు. ఎడమచేతిలో కత్తి, కుడిచేత్తో వెదురుబద్ద పట్టుకున్నాడు. పక్కన బద్దలు అందిస్తున్న ఆవిడకి పైట కుడిభుజం మీద ఉంది.

"ఏమయ్యా పల్లాలూ, ఈ చిత్రంలో నీకేం కనబడుతోంది?" అన్నారు మార్కండేయులు గారు.

"మా ముత్తాతండి. ముక్కు సూడండి, అచ్చం నాదే."

"ముక్కు సంగతి అప్రస్తుతం. హస్తం చూడు. సదరు కళాకారుడు వామహస్తంతో పనిచేస్తున్నాడు. నువ్వు?"

"నాది కుడిసెయ్యండి. మా నాన్నదీ కుడిసెయ్యే. మా ముత్తాతది కూడానండి, ఆయ్."

"మీ ముత్తాత గురించి మీ ముత్తాత బొమ్మకంటే నీకెక్కువ తెలుసా?"

పల్లాలు నావైపు చూశాడు. నేను ఫ్లెక్సీ వైపు చూశాను. గంగులు ఎవరివైపూ చూడలేదు. అతను పనిలో ఉన్నాడు.

మార్కండేయులు గారు జేబులోంచి ఉత్తర్వు తీసి గొంతు సవరించుకున్నారు. "చిత్రమందున్నది మాత్రమే కళగా పరిగణింపబడును. చిత్రమునకు భిన్నమైన హస్తము, భంగిమ, వస్త్రధారణ కల్తీగా భావింపబడును. చిత్రానుసారులకు మాత్రమే కళాకారుని కార్డు జారీ చేయబడును. కార్డు లేనివారికి రేవు డిపోయందు వెదురు ఇవ్వబడదు."

చివరి వాక్యం దగ్గర పల్లాలు మొహం తెల్లబోయింది. వెదురు లేని మేదరి అంటే నీళ్లు లేని పడవవాడే కదా.

"సంతకం కుడిచేత్తో పెట్టారేంటండి మరి?" అంది పల్లాలు పెళ్లాం వీరాయమ్మ, ఉత్తర్వులోకి తొంగిచూసి. ఆవిడకి చదువు రాదు గానీ, సంతకం ఎటువైపు వాలిందో చూసి చేతివాటం చెప్పేయగలదు.

"నేను అధికారిని. నేను చిత్రంలో లేను," అన్నారు మార్కండేయులు గారు. "అన్నట్టు అమ్మా, రేపట్నుంచి తమరు పైట కుడివైపు వేసుకోవాలి."

"ముందు మీ ఇంట్లో అమ్మగారికి ఏయించండి బాబూ. ఆరికి కుదిరిందని కబురెట్టండి, నేనూ ఏసుకుంటాను."

ఇదంతా మార్కండేయులు గారి సొంత తెలివి అనుకునేరు. అంత తెలివి ఆయనకు లేదు. దీని వెనక మండలి డైరెక్టరు పరాంకుశరావు గారి సిద్ధాంతం ఉంది. ఆయన పుస్తకంలో బొమ్మలన్నీ తిరగేశారు. హంగేరీలో కోటు కుట్టేవాడు ఎడమచేతివాటం. కొమ్ము చెక్కేవాడు ఎడమచేతివాటం. మన కుమ్మరి, కమ్మరి, మేదరి, అందరూ ఎడమచేతివాటమే. మామూలు మనిషైతే ఇక్కడ కాస్త అనుమానపడి తల గోక్కుంటాడు. పరాంకుశరావు గారు గోక్కోలేదు. ప్రాచీన మానవుడు వామహస్తుడనీ, కుడిచెయ్యి మరలతోపాటు వచ్చిపడిన ఆధునిక దురలవాటు అనీ తేల్చి, దానికి హంగేరీ-గోదావరి వామహస్త నాగరికత అని పేరుపెట్టి సభల్లో ఉపన్యాసాలిచ్చారు. శాలువాలు కప్పించుకున్నారు. కప్పినవాళ్లు ఎడమచేత్తో కప్పారని పేపర్లో కూడా పడింది.

సిద్ధాంతం వచ్చాక శిక్షణ రాక మానదు. బడి ఆవరణలో షామియానా వేసి ఎడమచేతి శిబిరం పెట్టారు. గురువు దొరకడమే కష్టమైంది. ఊరంతా వెతికితే పుట్టు ఎడమచేతివాడు ఒక్కడే తేలాడు, పుర్రచేతి భీమరాజు. అతను జన్మలో కత్తి పట్టి ఎరగడు. రేవులో సోడాలమ్ముతాడు. పెళ్లిళ్లలో అతన్ని వడ్డనకి రానివ్వరు. అలాంటివాడి మెడలో దండవేసి 'పరంపరాగత నిపుణుడు' అన్నారు.

"ఏం నేర్పుతావురా?" అనడిగాను.

"నాకేం తెలుసు బాబాయ్? ఎడంచేత్తో సోడా కొట్టి చూపిస్తున్నాను. అందరూ రాసుకుంటున్నారు," అన్నాడు భీమరాజు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫ్లెక్సీలో గంగులు వెనక గోడమీద ఏవో అక్షరాలున్నాయి. ఎంత చూసినా మాలో ఎవరికీ చదవడం రాలేదు. మండలి వారు పట్నం నుంచి లిపి పండితుణ్ణి పిలిపించారు. ఆయన గంటల తరబడి భూతద్దంలో చూసి, కళ్లు తుడుచుకుని, ఇది మేదర్ల అంతరించిన లిపి అనీ, 'వేణుమాతా, మా వామహస్తమున వసింపుము' అన్న ప్రార్థన అనీ చెప్పారు. ఆ రోజునుంచి శిబిరంలో రోజూ పొద్దున్నే అందరూ ఫ్లెక్సీ ముందు నిలబడి, ఎడమచెయ్యి గుండెలమీద పెట్టుకుని ఆ ప్రార్థన చేయాలి. మార్కండేయులు గారికి కళ్లలో నీళ్లు తిరిగేవి.

పల్లాలు కళ్లలో తిరిగింది వేరే నీళ్లు. అతని కుడిచేతి వేళ్లన్నిటికీ గుడ్డపీలికలు. ఎడమచేత్తో కత్తి ఆడిస్తే తెగేది బద్ద కాదు కదా, బద్ద పట్టుకున్న వేళ్లు. అలా అల్లిన మొదటి గంపను కోళ్ల మీద బోర్లిస్తే కోళ్లు తలలు దూర్చి గంపతో సహా వీధులు తిరిగాయి. చాటలో చెరిగితే ఊక నిలిచింది, బియ్యం పోయాయి. శిబిరం ముగింపు పరీక్షగా పెళ్లిబుట్ట అల్లించి అందులో భీమరాజుని కూర్చోబెట్టి ఎత్తారు. బుట్ట లేచింది. భీమరాజు లేవలేదు. అడుగు ఊడి, అంచు నడుంచుట్టూ వడ్డాణంలా మిగిలింది.

"చూశారాండి?" అన్నాడు పల్లాలు.

"చూశాను. భేష్," అన్నారు మార్కండేయులు గారు. "అంచు చిత్రానుసారం ఉంది."

"అడుగు లేదు కదండి?"

"చిత్రంలో అడుగు కనబడుతోందా? లేదు. కనుక అడుగు మండలి పరిధిలోకి రాదు."

కార్డు ఇచ్చేశారు. దానితోపాటు వెదురు వచ్చింది. పల్లాలు ఆ వెదురుతో ఇంటి చాటున, తలుపేసుకుని, కుడిచేత్తో దొంగతనంగా అల్లుకునేవాడు. మా ఊళ్లో అంతకుముందు కల్లు దొంగతనంగా తాగేవాళ్లను చూశాను గానీ, బుట్టలు దొంగతనంగా అల్లేవాణ్ణి చూడ్డం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే రెండు సంగతులు జరిగాయి.

మొదటిది నా గడ్డం. నూకరాజు సెలూనులో ఒక నిలువుటద్దం ఉండేది. ఒక నాటకాల కంపెనీ మా ఊళ్లో చితికిపోయి వదిలేసి వెళ్లిన సరుకు అది. నూకరాజు మాట నమ్మితే అందులో ఇప్పటికీ అప్పుడప్పుడు దుర్యోధనుడి కిరీటం కనబడుతుంది. నేను మొహం నిండా సబ్బు నురగతో ఆ అద్దం ముందు కూర్చున్నాను. వెనకనున్న ఫ్లెక్సీ అద్దంలో పడింది. చూద్దును కదా, గంగులు కుడిచేత్తో కత్తి పట్టుకుని ఉన్నాడు. పక్కావిడ పైట బుద్ధిగా ఎడమభుజం మీద ఉంది. గోడమీది అక్షరాలు, నేను ఊళ్లోబడిలో నేర్చుకున్న ఓనమాలే, గుండ్రంగా నిలబడి నన్ను పలకరించాయి.

ఇచట ఉమ్మివేయరాదు.

నేను కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. నూకరాజు కత్తి ఆగలేదు. నా మీసం ఒక కొస పోయింది.

"కదలొద్దని చెప్పానా బాబాయ్?" అన్నాడు.

"మీసం పోతే పోయింది గానీ, ఇన్నాళ్లూ ఊరంతా చేతులు గుండెలమీద పెట్టుకుని ఏమని ప్రార్థించామో చూడు."

సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రబ్బరు స్టాంపు చూడండి. దానిమీద అక్షరాలు తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడతాయి. దొర బొమ్మ సరిగ్గానే గీశాడు. దాన్ని అచ్చుకోసం చెక్కమీద చెక్కినవాడు కూడా ఉన్నదున్నట్టే చెక్కాడు. కాగితం మీద లోకమంతా తిరగబడింది. హంగేరీ కోట్లవాడూ, మా గంగులూ, ధర్మాసుపత్రి గోడా, అన్నీ ఎడమచేతివాటం అయిపోయాయి.

నేను అలాగే నురగ మొహంతో మార్కండేయులు గారి దగ్గరికి పరిగెత్తి, ఆయన్ని సెలూనులోకి లాక్కొచ్చాను. ఆయన అద్దంలోకి చాలాసేపు చూశారు. చదివారు. మళ్లీ చదివారు. తరవాత కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"అద్దం ప్రామాణిక ఆధారం కాదు," అన్నారు.

"కళ్లెదురుగా కనబడుతోంది కదండీ!"

"పుస్తకం ముద్రితం. అద్దం ముద్రితమా? పైగా ఈ అద్దంలో మీ మీసం కూడా ఒకవైపే కనబడుతోంది. నమ్మమంటారా?"

"అది నిజంగానే ఒకవైపే ఉందండీ."

"అయితే మీరు కూడా ప్రామాణికం కారు," అని లేచి వెళ్లిపోయారు.

రెండో సంగతి ఆ వారంలోనే వచ్చింది. డైరెక్టరు పరాంకుశరావు గారి అమ్మాయికి పెళ్లి కుదిరింది. పెళ్లిబుట్ట బుట్టలంక నుంచే రావాలి. గంగులు మునిమనవడే అల్లాలి. ఎడమచేత్తోనే అల్లాలి. అల్లుతుంటే డైరెక్టరు గారు స్వయంగా వచ్చి చూస్తారు.

పల్లాలు మా అరుగుమీద కూలబడ్డాడు. "ఎడంసేత్తో అల్లితే అడుగూడి పిల్ల నడుం ఇరుగుద్ది, బాబాయ్. కుడిసేత్తో అల్లితే కార్డు పోద్ది, వెదురు పోద్ది. నన్నేం సెయ్యమంటావు?"

"నిజం చెప్పు."

"నిజం నువ్వు సెప్పావుగా. ఏమైంది?"

సగం మీసం తడుముకున్నాను. అంతవరకు గుమ్మంలో నిలబడి మమ్మల్నిద్దర్నీ పనికిమాలినవాళ్లని చూసినట్టు చూస్తున్న వీరాయమ్మ నోరు విప్పింది.

"అద్దంలో సూత్తే వోళ్ల బొమ్మ మనలా అవుద్ది కదా బాబాయ్. మరి అద్దంలో సూత్తే మన మనిషి వోళ్ల బొమ్మలా అవడూ?"

ఆ మాట అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. పల్లాలుకి ఇంకా ఎక్కువ పట్టింది. అర్థమయ్యాక ఇద్దరం నూకరాజు సెలూనుకి పరిగెత్తాం.

డైరెక్టరు గారు వచ్చిన రోజు పల్లాలు ఇంటిముందు నిలువెత్తు తడిక కట్టి ఉంది. తడిక వెనక పల్లాలు. పక్కగా, ఇటు కుర్చీలకీ అటు పల్లాలుకీ కనబడేలా నూకరాజు నిలువుటద్దం. పరాంకుశరావు గారు శాలువా సవరించుకుంటూ నేరుగా తడిక వైపు అడుగేశారు.

"ఆగండి బాబూ, ఆగండి!" అని వీరాయమ్మ హారతిపళ్లెంతో అడ్డం పడింది. "పెళ్లిబుట్ట అల్లేటప్పుడు ఎవరూ తిన్నగా సూడకూడదండి. పిల్లకి దిష్టి తగులుద్ది. అద్దంలోనే సూడాలి. మా అత్తల నాటినుంచీ ఆచారమండి."

ఆ ఆచారం వయసు అప్పటికి మూడురోజులు. కానీ పరాంకుశరావు గారి మొహం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

"మార్కండేయులు గారూ! విన్నారా? దర్పణ వీక్షణ సంప్రదాయం! పుస్తకానికి కూడా అందని ఆచారం! వెంటనే నమోదు చేయండి!"

మార్కండేయులు గారు నావైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయనకు సంగతి తెలుసు. తెలిసిన సంగతి పైవాడికి చెప్పాలంటే ముందు తెలిసినప్పుడు ఎందుకు చెప్పలేదో చెప్పాలి. కనుక ఆయన కలం తీసి నమోదు చేసుకున్నారు.

అద్దంలో పల్లాలు బద్దలు చీలుస్తున్నాడు. అద్దంలోని పల్లాలుకి కత్తి ఎడమచేతిలో ఉంది. ఎన్నో వారాల తరవాత సొంత చేత్తో, పట్టపగలు, పదిమంది ఎదుట పనిచేస్తున్న మనిషి అతను. కత్తి వెదురులోకి దిగుతుంటే పట్టుబట్ట చింపినట్టు చప్పుడైంది. బద్దలు గాల్లోకి లేచి వాటంతటవే బుట్టలో సర్దుకుంటున్నాయా అనిపించింది. బద్దలందిస్తున్న వీరాయమ్మ పైట కూడా అద్దంలో కుడిభుజం మీదే ఉంది.

"ఆహా, వామహస్తానికి ఎంత సహజ లాఘవం!" అన్నారు డైరెక్టరు గారు. "శిక్షణకు ముందు ఇతని పనితనం ఎలా ఉండేది?"

"ఇలాగే ఉండేదండి," అన్నాను నేను. మార్కండేయులు గారు నా కాలు తొక్కారు.

పెళ్లికి మమ్మల్ని పిలిచారు. పట్నంలో పెద్ద హాలు, ఒక కొసన ఎత్తైన వేదిక, దానికి మెట్లు, ఎదురుకొసన పెళ్లికూతురి గది, దానికీ మెట్లే. అమ్మాయిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలిద్దరూ ఎత్తారు. పల్లాలు నా చెయ్యి పట్టుకున్నాడు, నొక్కేస్తున్నాడు. ఆ మేనమామల్లో ఒకాయన కాలేజీలో పాఠం చెప్పుకునే మనిషి. చాక్‌పీసు కంటే బరువెత్తి ఎరగడు. గది దాటి పైమెట్టుమీద అడుగేశారో లేదో వీడియోవాడి తీగ కాలికి తగిలింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. బుట్ట ఒక్కటే ముందుకు సాగింది.

ఇక్కడ నేను అబద్ధం చెబుతున్నానని మా ఆవిడ అంటుంది. ఆవిడ ఆ రోజు వంటల వైపు ఉంది, నమ్మకండి. బుట్ట మెట్లు దిగింది, పడవలాగ. పన్నీరు చల్లినవాళ్ల మధ్యనుంచి పోయింది. సన్నాయివాళ్ల పక్కన మలుపు తిరిగింది. ఊళ్లోవాళ్లందరం నోళ్లు తెరిచి చూస్తుండగా ఎదురుమెట్ల వరకు జారి, ఊపుకి అవి ఎక్కి, తెరకి ఇవతల పెళ్లికొడుకు ఎదురుగా సరిగ్గా పీటల దగ్గర ఆగింది. ఒక్క బద్ద కదల్లేదు. అమ్మాయి చేతిలోని కొబ్బరిబోండాం కూడా జారలేదు. నుదుటి బాసికం సర్దుకుని "ముహూర్తం అయిపోలేదు కదా?" అందిట.

హాలంతా చప్పట్లు. పల్లాలు నా చెయ్యి వదిలాడు. నేను వేళ్లు లెక్కపెట్టుకున్నాను, ఉన్నాయి.

తాళి కట్టీ కట్టకముందే పరాంకుశరావు గారు మైకు అందుకున్నారు. "ఇది వామహస్త విజయం! ఇది దర్పణ సంప్రదాయ విజయం!" ఇక ఉత్తర్వు ఆగుతుందా? రాష్ట్రంలో చిత్రానుసార కళాకారులందరికీ తడికా, నిలువుటద్దమూ మంజూరయ్యాయి. కళాకారుణ్ణి ప్రజలెవ్వరూ తిన్నగా చూడరాదు. కుమ్మరి సారె అద్దంలో తిరిగింది. కమ్మరి సమ్మెట అద్దంలో లేచింది. తడికల వెనక అందరూ ఎవరి చేత్తో వాళ్లు హాయిగా పనిచేసుకున్నారు. ఒక్క భీమరాజుకే అన్యాయం జరిగింది. పుట్టు ఎడమచేతివాడు అద్దంలో కుడిచేతివాడుగా కనబడ్డాడు కనుక కల్తీ అని తేల్చి నిపుణుడి హోదా పీకేశారు. అతను సోడాల దగ్గరికి తిరిగెళ్లి, "హమ్మయ్య, ఇంక ఎవడూ రాసుకోడు," అన్నాడు.

అలా ఊరు కుదుటపడ్డాక వచ్చింది ఇలోనా. ఇస్తరి దొర మునిమనవరాలు. హంగేరీ నుంచి ముత్తాత తన చేత్తో గీసుకున్న పెన్సిలు బొమ్మలు పట్టుకుని, ఆ ఊళ్లు ఎలా ఉన్నాయో చూద్దామని వచ్చింది. ఆవిడకి తెలుగు వచ్చు. దొర నాటి పుస్తకాల్లోంచి నేర్చుకుంది కాబట్టి జీపు దిగుతూనే "ఓ జనులారా, క్షేమమా?" అంది. మా ఊళ్లో అందరం లేచి నిలబడ్డాం.

పల్లాలు ఇంటిముందు కుర్చీలు వేశారు. డైరెక్టరు గారు అద్దం చూపిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆవిడ అద్దంలోకి చూసింది. చేతిలోని పెన్సిలు బొమ్మ చూసుకుంది. లేచింది. వీరాయమ్మ హారతిపళ్లెం వెతుక్కునేలోపే తడిక పైనుంచి తొంగిచూసింది. హంగేరీవాళ్లు పొడగరులని మా తాత చెప్పలేదు.

పల్లాలు కత్తి గాల్లోనే ఆగిపోయింది. కుడిచేతిలో.

ఇంక అయిపోయింది అనుకున్నాను. కార్డు పోతుంది, వెదురు పోతుంది, తడిక వెనక దాక్కున్న ఊరంతా బయటపడుతుంది. ఇలోనా కుడిచేతి వైపు చూసింది, పల్లాలు ముక్కు వైపు చూసింది, మళ్లీ బొమ్మ చూసుకుంది. ఆ పెన్సిలు బొమ్మలో గంగులు కుడిచేత్తోనే అల్లుతున్నాడు.

"అమ్మా, మీ ముత్తాతగారి చిత్రానికీ మా కళాకారుడికీ అణువంతైనా భేదం కనబడుతోందా?" అన్నారు పరాంకుశరావు గారు ఛాతీ విరిచి.

పల్లాలు నుదుటిమీది చెమట కత్తిమీద పడింది.

"లేశమాత్రమును లేదు," అంది ఇలోనా. "ముక్కుతో సహా."

డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. మార్కండేయులు గారు కలం తీసి అది కూడా నమోదు చేసుకున్నారు. వాళ్లు భోజనాలకి వెళ్లగానే ఇలోనా వీరాయమ్మ చెయ్యి పట్టుకుని తడిక వెనక్కి తీసుకుపోయింది.

"అమ్మా, నిజము వచించుము. ఈ అద్దపుటుపాయము ఎవరిది?"

"నాదేనమ్మా. ఎవరితోనూ అనకు తల్లీ."

"నేననను. మా దేశమందును ఒక మండలి కలదు. వారియొద్దను ఈ గ్రంథమే కలదు. మా మేనత్త గొర్రెతోలు కోట్లు కుట్టును. ఆ చిత్రమును చూపి, ఆమెచే ఎడమచేత కుట్టించుచున్నారు. ప్రతిదినము సూది గుచ్చుకొని ఏడ్చుచున్నది."

"అయ్యో! మీవోళ్లకి ఆ పుస్తకం చదవడం వచ్చుగా?"

"వచ్చును. ముందుమాటలో మా ముత్తాత 'అచ్చులో బొమ్మలు తిరగబడినవి, చదువరులు సరిచేసుకొందురుగాక' అని వ్రాసినాడు. ముందుమాట ఎవ్వరును చదువరు." ఆవిడ అద్దం చుట్టూ తిరిగి, ఎత్తు జానలతో కొలిచింది. "ఇంత అద్దము నాకొకటి కావలెను."

పల్లాలుకి మండలి వారిచ్చిన అద్దం ఎలాగూ వచ్చింది కదా అని నూకరాజు తన నిలువుటద్దం ఇచ్చేశాడు. దుర్యోధనుడి కిరీటంతో సహా అది హంగేరీ వెళ్లిపోయింది. బదులుగా వాళ్ల మేనత్త కుట్టిన గొర్రెతోలు కోటు ఒకటి వచ్చింది. కుట్టు ఎంత నున్నగా ఉందంటే, ఏ చేత్తో కుట్టిందో వీరాయమ్మ ఇట్టే చెప్పేసింది. నూకరాజు రోహిణీకార్తెలో కూడా ఆ కోటు విప్పడం లేదు. గడ్డం గీసేటప్పుడు నీళ్లు అక్కర్లేదు, అతని చెమటే సరిపోతోంది.

నా కష్టం ఒక్కటే మిగిలింది. సెలూనులో అద్దం లేదు. కోటు బరువుకి నూకరాజు చెయ్యి సరిగ్గా ఆడదు. మొన్న మళ్లీ మీసం ఒక కొస లేపేశాడు. కుడికొస పోయిందని మా ఆవిడ అంటుంది. ఎడమకొసే పోయింది, అది కూడా కొంచెమే అని నూకరాజు అంటాడు. మండలి వారి అద్దంలో చూసుకుందామని వెళితే మార్కండేయులు గారు ఎదురొచ్చి, నా మీసం చిత్రంలో లేదు కనుక ఆ అద్దం వాడుకునే హక్కు నాకు లేదన్నారు.

చివరికి తడిక పక్కనుంచి తల దూర్చి పల్లాల్నే అడిగాను. "ఒరే, నువ్వు చెప్పు. ఏ కొస పోయింది?"

అతను అల్లుతున్న పెళ్లిబుట్ట ఒళ్లోంచి దించి, కత్తి కుడిచేతిలోనే ఉంచుకుని, నా మొహాన్ని అటు తిప్పి ఇటు తిప్పి శ్రద్ధగా చూశాడు.

"ఎటునించి సూసి సెప్పమంటావు, బాబాయ్? మనవైపు నించా, మండలివైపు నించా?"